పొడుగు మౌంటెన్ సైకిల్ కొన్నారా? ముందు చక్రానికి బరువు ఇవ్వండి

ముందూ వెనకా సస్పెన్షన్ ఉండి, చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న కొత్త రకం మౌంటెన్ సైకిల్‌ని విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఆటోల మధ్య తొక్కి చూసి ఒక అభిప్రాయానికి రావద్దు. అక్కడ అది మొండిగానే ఉంటుంది. హ్యాండిల్ కొంచెం తిప్పితే చాలు, చక్రం పక్కకు పడిపోతున్నట్టు ఉంటుంది. రిపేరు కాదు, దాని తయారీయే అంత.

నా సైకిల్ హెడ్ యాంగిల్, అంటే స్టీరింగ్ గొట్టం నేలతో చేసే కోణం, 64 డిగ్రీలు. పాత మౌంటెన్ సైకిళ్లలో అది 70, 71 ఉండేది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ఎంత వాలుగా ఉంటే, స్టీరింగ్ గీత నేలను తాకే చోటికి టైరు ఆనే చోటు అంత వెనక్కి వెళ్తుంది. వేగం అందుకున్నాక ఆ దూరమే చక్రాన్ని తిన్నగా నిలబెడుతుంది. నడక వేగంలో అదే దూరం హ్యాండిల్‌ని పక్కకు లాగుతుంది. అందుకే మా ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి తాటిపూడి వైపు, జీడితోటల మధ్య ఎర్ర గ్రావెల్ దారుల్లో మొదలుపెట్టమంటాను.

బయల్దేరే ముందు గాలి సంగతి చూసుకోవాలి. షాక్‌కి, అంటే వెనక సస్పెన్షన్‌కి, గాలి కొట్టే షాక్ పంపు తప్పనిసరి. షాక్‌లో పట్టే గాలి కొంచెమే, ప్రెజర్ మాత్రం చాలా ఎక్కువ. పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టాన్ని దాని దగ్గరికి రానివ్వకండి. హెల్మెట్, బూట్లు, నీళ్ల బ్యాగు అన్నీ వేసుకుని గోడ పట్టుకుని సైకిల్ ఎక్కండి. షాక్ మీది రబ్బరు రింగుని సీలు దాకా జరిపి, ఊపకుండా కూర్చుని, మెల్లగా దిగండి. షాక్ స్ట్రోక్ (అది కుంగగల మొత్తం దూరం) 65 మి.మీ. అయితే రింగు 18, 19 మి.మీ. జరిగేలా గాలి సరిచెయ్యాలి, అంటే 30 శాతానికి కాస్త తక్కువ. ఫోర్క్‌కి 20 శాతం దగ్గర పెట్టండి. 160 మి.మీ. ఫోర్క్‌లో అది 32 మి.మీ. వెనక ఎక్కువ కుంగి ముందు గట్టిగా ఉంటే సైకిల్ ఇంకా వెనక్కి వాలిపోతుంది, ముందు టైరుకి పట్టు ఇంకా తగ్గుతుంది. ఎండలో ఆపి ఉంచిన సైకిల్‌కి గాలి కొలవకండి, వేడికి ప్రెజర్ పెరిగి చూపిస్తుంది. రీబౌండ్‌కి, అంటే కుంగిన షాక్ మళ్లీ లేచే వేగానికి, ఒక సులువైన పరీక్ష ఉంది. సీటు మీద కూర్చునే ఫుట్‌పాత్ అంచు దిగండి. వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకుంటే సరే. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ నెమ్మది చెయ్యాలి.

నా షాక్‌కి అతుక్కుని ఉన్న చిన్న డబ్బా చూసి మేకలు కాసే తాత ఒకాయన "పెట్రోలు ఇందులోనే పోస్తారా బాబూ?" అని అడిగాడు. "గాలే తాతా, గాలి" అన్నాను. నమ్మలేదు.

టైర్లు ట్యూబ్‌లెస్ అయితే నా 78 కిలోలకి ముందు 23, వెనక 26 పీఎస్ఐ సరిపోతున్నాయి. తుమ్మ ముళ్లకి లోపల పోసే సీలెంటే (రంధ్రాలు మూసే ద్రవం) దిక్కు. మన వేడికి అది త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి చూసుకోండి.

ఇక అసలు విషయం, ఒంటి భంగిమ. మనలో చాలామందికి దిగుడు కనిపించగానే ఒళ్లు సీటు వెనక్కి వెళ్లిపోతుంది. పొట్టి సైకిళ్ల మీద తలకిందులుగా పడకుండా నేర్చుకున్న అలవాటు అది. ఈ సైకిల్‌కి ముందు చక్రం మీ కాళ్ల నుంచి చాలా దూరంలో ఉంటుంది. మీరు వెనక్కి వెళ్తే దాని మీద బరువే ఉండదు. మన కొండల ఖొండలైట్ రాయి అరిగి రాలిన గులక మీద బరువు లేని టైరు గోలీల మీద కాలేసినట్టే జారుతుంది. సీటుని డ్రాపర్‌తో (మీట నొక్కితే ఎత్తు మారే సీటు గొట్టంతో) కిందికి దించండి. పెడల్స్ సమంగా ఉంచి, బరువంతా పాదాల మీద వేసి, నడుం దగ్గర వంగండి. మోచేతులు బయటికి, గడ్డం హ్యాండిల్ మధ్యకి దగ్గరగా. మొదట్లో భయంగానే ఉంటుంది, కానీ పట్టు దొరికేది అక్కడే.

దీన్ని కొండ మీద కాకుండా, వేసవిలో ఎండిన చెరువులోనో ఖాళీ గ్రౌండులోనో నేర్చుకోవాలి. రెండు నీళ్ల సీసాలు దూరందూరంగా పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వేస్తూ తిరగండి. మలుపులో బయటి కాలు కిందికి నొక్కి, లోపలి చేత్తో హ్యాండిల్‌ని నేల వైపు తొయ్యండి. సైకిల్ వాలాలి, మీరు దాని మీద నిటారుగా ఉండాలి. హ్యాండిల్ తిప్పి మలుపు తీసుకుందామంటే ఇది వినదు, వాల్చితే మాత్రం ఎంత చెప్తే అంత. తోటల్లో ఎండుటాకులు మందంగా ఉన్న మలుపుల్లో ఈ ధైర్యం వద్దు. మార్చి నుంచి మే దాకా రాలిన జీడిపళ్లు కూడా అంతే, తొక్కితే జారుడే.

ఎక్కుడులో ఇబ్బంది తక్కువ. సీటు గొట్టం నిటారుగా ఉంటుంది కాబట్టి సీటు ముందు అంచు మీదికి జరిగి కూర్చుంటే ముందు చక్రం అటూ ఇటూ తిరగదు. అనంతగిరి ఘాట్ లాంటి తారు రోడ్డు మీద షాక్ ఊగకుండా దాని లీవర్ మూసెయ్యండి. రాళ్ల దారిలో తెరిచే ఉంచండి, వెనక టైరు నేలని వదలకుండా ఉండేది దానివల్లే. ఇరుకు మలుపుల్లో వెనక చక్రం లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది, కాబట్టి బయటి అంచు దాకా వెళ్లి ఆలస్యంగా తిప్పండి. షాక్ కుంగినప్పుడు పెడల్ రాళ్లకి తగులుతుంది. పెద్ద రాయి వస్తే పూర్తిగా తొక్కకుండా, సగం ముందుకి, సగం వెనక్కి తిప్పి దాటెయ్యండి.

గెడ్డ (వాగు) దాటే చోట రాళ్ల మధ్య దారి వెతుక్కుంటూ ఆగిపోకండి. ఈ సైకిల్‌కి కాస్త వేగం ఉంటేనే తిన్నదనం. చక్రం ముందు రాయిని కాదు, అవతలి గట్టుని చూడండి. బ్రేక్ పని గెడ్డకి ముందే ముగించాలి, ఒక్కో చేతికి ఒక్క వేలు చాలు. కొత్త డిస్క్ బ్రేకులైతే ముందే చదును రోడ్డు మీద, పూర్తిగా ఆగకుండా పదిహేను ఇరవై సార్లు గట్టిగా వేగం తగ్గించి ప్యాడ్లు కుదుర్చుకోండి.

మొదటి నాలుగైదు రైడ్ల తర్వాత వెనక సస్పెన్షన్ లింకుల బోల్టులు వదులయ్యే అవకాశం ఉంది. బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించండి, ఎంత బిగించాలో ఫ్రేమ్ మీదో కంపెనీ పుస్తకంలోనో ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే అల్యూమినియం మరలు పాడవుతాయి.