పందెం తర్వాత గ్రేహౌండ్‌కు నీళ్లలాంటి మూత్రం – మేం సరిచేసిన తీరు

పందెం ఒత్తిడికి కొన్ని గ్రేహౌండ్ జాతి కుక్కలు విపరీతంగా నీళ్లు తాగి, రంగే లేని మూత్రం పోస్తూ చిక్కిపోతాయి. ముందు అది తాగే నీళ్లు కొలవండి. 30 కిలోల కుక్కకు రోజుకు లీటరున్నర, మహా అయితే 2 లీటర్లు మామూలు. 3 దాటితే తేడా ఉన్నట్టే. పొద్దున్నే తొలి మూత్రాన్ని, ధార మధ్యలో శుభ్రమైన గిన్నెలో పట్టి, సాంద్రత పరీక్షకు ఇవ్వండి.

చాలామంది చేసే తప్పు నీళ్లు కట్టేయడం. దయచేసి ఆ పని చేయకండి. ఒంట్లో నీరు మూత్రంలోనే పోతోంది, పైనుంచి కూడా ఆపితే కుక్క ఎండిపోతుంది. మేం నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, పరుగు ఆపి, నిశ్శబ్దమైన గదిలో పడుకోబెట్టాం. లవణాలు ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పారు.

ఇక ఇంటి వైద్యం. రెండు చెంచాల బార్లీని లీటరు నీటిలో అరగంట మరిగించి, వడకట్టి, చల్లార్చి, ఉప్పు వేయకుండా అన్నంలో కలిపితే కాస్త నీరు లోపలికి వెళ్తుంది. రోగాన్ని మాత్రం అది తగ్గించదు. పల్లేరు, కొండపిండి కషాయాలు మూత్రాన్ని ఇంకా పెంచుతాయి, ఈ స్థితిలో వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ అసలే వద్దు, కుక్క కిడ్నీలు పాడవుతాయి. చుక్కలు చుక్కలుగా, రక్తంతో వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయించాకే మందు.

పరుగు తర్వాత మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉందా? కండరాలు చితికి, ఆ రంగు పదార్థం కిడ్నీలకు చేరుతోంది. మూత్రం అసలు రాకపోయినా అంతే ప్రమాదం. రెండింట్లో ఏదైనా వెంటనే ఆసుపత్రికి.