కిడ్నీ మార్పిడి తర్వాత క్రియాటినిన్ పెరిగితే ఏం చేయాలి?

రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేయడం) వస్తే నొప్పో జ్వరమో వస్తుంది, మూత్రం తగ్గుతుంది, అప్పుడు చూసుకుందాం అనుకుంటారు చాలామంది. ఇప్పటి మందుల మీద ఉన్నవాళ్లకి చాలాసార్లు అవేవీ ఉండవు, రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం) మాత్రమే పెరుగుతుంది. కాబట్టి మీకు మామూలుగా ఎంత ఉంటుందో నోటికి వచ్చి ఉండాలి. ఎప్పుడూ 1.1 ఉండే మనిషికి 1.4 వస్తే కాగితం మీద చిన్న తేడాలాగే ఉంటుంది గానీ అది 25 శాతం పైమాటే, ఆ రోజే మీ నెఫ్రాలజిస్టుకి ఫోన్ చేయండి. మొదటి 6 నెలల్లో మరీ జాగ్రత్త.

మాత్ర ఏ పూటైనా మానేశారా, విరేచనాలయ్యాయా, వేరే డాక్టర్ కొత్త మందేమైనా రాశారా అని అడుగుతారు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్, రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఉండే లెవల్‌ని బాగా పడగొడతాయి. తిడతారని దాచొద్దు, వైద్యం దాన్ని బట్టే మారుతుంది.

టాక్రోలిమస్ రోజుకి రెండుసార్లు వేసుకునేవాళ్లు లెవల్ పరీక్షకి పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్లాలి. రాత్రి డోసు తర్వాత 12 గంటలకి రక్తం ఇచ్చి, ఆ వెంటనే మాత్ర. వేసుకుని వెళ్తే లెవల్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

ఒంట్లో నీళ్లు తగ్గినా, టాక్రోలిమస్ ఎక్కువైనా, కొత్త కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ పట్టుకున్నా క్రియాటినిన్ పెరుగుతుంది. చిక్కేమిటంటే బీకే వైరస్‌కి రోగనిరోధకశక్తిని అణిచే మందులు తగ్గించాలి, రిజెక్షన్‌కి పెంచాలి. అందుకే అసలు కారణం ఏదో తేల్చడానికి బయాప్సీ (కిడ్నీ ముక్క తీసి పరీక్షించడం) అంటారు, సొంతంగా మాత్రలు అటూ ఇటూ మార్చొద్దనేదీ అందుకే. కొత్త కిడ్నీ పొత్తికడుపులో పైపైనే ఉంటుంది కాబట్టి మత్తు సూదేసి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చిన్న ముక్క తీస్తారు, తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. టెన్షన్ పడేంత పని కాదు.

టి కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) వల్ల వచ్చిన రిజెక్షనైతే సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్‌లో 3 రోజులు ఎక్కిస్తారు, చాలామందికి దాంతోనే దారిలో పడుతుంది. లొంగకపోతే ఏటీజీ అని టి కణాలను తగ్గించే ఇంకా బలమైన మందు. యాంటీబాడీల వల్ల వచ్చిందైతే కథ వేరు: ప్లాస్మా మార్పిడి (రక్తంలోంచి ఆ యాంటీబాడీల్ని తీసేయడం) చేస్తారు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఇస్తారు, ఖర్చూ ఎక్కువే, ఫలితం అంత ఖాయంగా చెప్పలేం. బిల్లు సంగతి మొదటిరోజే అడిగేయండి.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరగొచ్చు, రోజూ చూసుకోండి. కొన్నాళ్లు ఇన్ఫెక్షన్ల భయం కూడా ఎక్కువే, జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి.