'వస్తావా' అనే దాకా: సిగ్గరి జంటతో మూడు నిమిషాల యానిమే సన్నివేశం గీయడం

యానిమే అంటే జపాన్ తరహా కదిలే బొమ్మల సినిమా. మనం గీయబోయే సన్నివేశం ఇది. విజయవాడ గవర్నర్‌పేటలో ట్యూషన్ వదిలారు. పదో తరగతి అబ్బాయి, అమ్మాయి. అబ్బాయికి సైకిలుంది కానీ ఎక్కడు, నడిపించుకుంటూ వస్తాడు. ఏలూరు కాలువ వంతెన దాకా ఇద్దరిదీ ఒకే దారి. నిడివి 180 సెకన్లు. సెకనుకి 24 చొప్పున 4,320 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే చిత్రాలు. రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ పెట్టి అంతా కదిలిస్తే 2,160 బొమ్మలు కావాలి. అంత అక్కర్లేదు. ఎక్కడ కదలాలో, ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకుంటే 400 బొమ్మల్లో అయిపోతుంది. రోజుకి పదిహేను గీసేవాళ్ళకి నెల పని.

గీయడానికి ముందు మాటలు రాసుకోండి, ఎందుకంటే ఈ సీను గెలిచేదీ ఓడేదీ అక్కడే. జపాన్ బడి ప్రేమకథల్లో దగ్గరతనం పిలుపులో తెలుస్తుంది. ఇంటిపేరుకి 'సాన్' అనో 'కున్' అనో తగిలించి పిలుచుకునే ఇద్దరు ఒకరోజు అసలు పేరుతో పిలుచుకుంటారు. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకి పనికిరాదు. ఇంటిపేరుతో పిలిస్తే మాస్టారు హాజరు వేస్తున్నట్టుంటుంది. తెలుగులో ఆ బరువంతా క్రియ చివర ఉంది. 'వస్తారా' అంటే ఎడం, 'వస్తావా' అంటే దగ్గర. బిడియపడే పిల్లలు ఈ రెండూ అనకుండా తప్పించుకు తిరుగుతారు. 'పెన్ను కావాలా?', 'ఇటే వెళ్ళడమా?' అంటారు. వీటిలో నువ్వూ లేదు, మీరూ లేదు. ఒకే బడి పిల్లలైతే మొదటి రోజు నుంచీ 'నువ్వు' అనే అనుకుంటారు కాబట్టి ఇద్దరినీ వేరే వేరే బళ్ళ నుంచి తెచ్చి ట్యూషన్లో కలపండి. అప్పుడే ఈ తప్పించుకోవడం నమ్మేలా ఉంటుంది.

మొత్తం సీనుకి ఐదు మాటలు చాలు. అమ్మాయి: 'నోట్సు రేపిస్తే చాలా?' అబ్బాయి: 'పర్లేదు, ఎల్లుండైనా.' కాసేపటికి అమ్మాయి: 'సైకిల్ పాడైందా?' అబ్బాయి: 'లేదు.' చివర్లో అమ్మాయే: 'రేపు కూడా ఇటే వస్తావా?' ఆ 'వస్తావా' కంటే ముందు ఎక్కడా, ఏ క్రియకీ 'వు' గానీ 'వా' గానీ 'రా' గానీ తగలకూడదు. రాసిన కాగితం మీద పెన్సిలుతో ఒక్కొక్క క్రియకీ గీత పెట్టి చూసుకోండి. ఒక్కటి జారినా చివరి మాటకి విలువ పోతుంది. 'ఐ లవ్యూ' అసలు వద్దు. జపాన్ కథల్లో 'నువ్వంటే ఇష్టం, నాతో ఉంటావా' అని ఎదురుగా నిలబడి చెప్పడం ఒక రివాజు, అది అయితేనే ఇద్దరూ జంట కిందికి వస్తారు. మన వీధిలో ఆ పని 'వస్తావా' చేసేస్తుంది.

ఇప్పుడు స్టోరీబోర్డు, అంటే సీనంతా వరస బొమ్మల్లో వేసుకునే చిత్తు. 28 కట్లు (తెగకుండా ఒకే కోణంలో సాగే ముక్కలు) పెట్టుకోండి: నడక 8 కట్లు, 50 సెకన్లు, వంతెన దాకా మాటలు 9 కట్లు, 70 సెకన్లు, వంతెన మీద ఆగడం 8 కట్లు, 40 సెకన్లు, ముగింపు 3 కట్లు, 20 సెకన్లు. బొమ్మలు పుల్లల మనుషులైనా సరే, వాటిని వరసగా పెట్టి మీ గొంతుతోనే మాటలు చెప్పి యానిమాటిక్ (చిత్తు వీడియో) చేసుకోండి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు క్రితా గానీ ఓపెన్‌టూన్జ్ గానీ ఉచితంగా దొరుకుతాయి, ఈ పనికి రెండూ సరిపోతాయి. యానిమాటిక్‌లో విసుగొచ్చిన చోట రంగులు వేశాక కూడా విసుగే వస్తుంది, అందుకని ఈ మెట్టు దాటేయకండి.

నెమ్మది అంటే అన్నీ సాగదీయడమని చాలామంది పొరబడతారు. నడక మామూలు వేగంలోనే ఉండాలి, కళ్ళు మామూలుగానే ఆర్పాలి. సాగవలసింది మాటకీ మాటకీ మధ్య ఎడం ఒక్కటే. 'సైకిల్ పాడైందా?' తర్వాత 'లేదు' వెంటనే రావాలి, 10 ఫ్రేముల్లో. ఆ 'లేదు' తర్వాత 72 ఫ్రేములు ఏ మాటా ఉండకూడదు. పాడవని సైకిల్ని ఎందుకు నడిపిస్తున్నాడో అమ్మాయికి తెలియడానికి పట్టే మూడు సెకన్లవి. ఆ ఎడంలో అబ్బాయి ముఖం చూపించకండి. హ్యాండిల్ మీద అతని చెయ్యి, లేదంటే అమ్మాయి బ్యాగు పట్టీ చాలు. 'వస్తావా' ముందు మాత్రం 96 ఫ్రేములు ఆపండి.

ఆగిన బొమ్మ రెండు సెకన్లు దాటితే చూసేవాళ్ళు వీడియో ఇరుక్కుందనుకుంటారు. కాబట్టి ఒక్కటైనా కదులుతుండాలి: వెంట్రుక పాయ, చున్నీ అంచు, కాలువ నీళ్ళ మెరుపు. నీటికి ఎనిమిది బొమ్మలు గీసి మూడేసి ఫ్రేములకి ఒకటి పెడితే సరిగ్గా ఒక సెకను చక్రం వస్తుంది. ఏప్రిల్, మే నెలల కథైతే ఈ మెరుపు మానుకోండి. వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు.

నడకలో పెద్ద కిటుకు ఒకటుంది. ఇద్దరికీ అడుగుకి 12 ఫ్రేములే ఇస్తే ఎన్‌సీసీ కవాతులా ఉంటుంది. అమ్మాయికి 12, అబ్బాయికి 14 పెట్టండి. అప్పుడు ప్రతి 84 ఫ్రేములకి ఒకసారి, అంటే మూడున్నర సెకన్లకి, పాదాలు తమంతట తాము కలిసి మళ్ళీ విడిపోతాయి. ఇద్దరూ పక్కపక్కనే ఉండాలంటే అబ్బాయి అడుగు ఆరో వంతు పొడుగ్గా గీయాలి, లేకపోతే నేల మీద పాదాలు జారినట్టు కనిపిస్తాయి. ఈ తేడాని చివరి దాకా దాచుకోండి.

చూపు తిప్పేటప్పుడు కళ్ళు ముందు, తల తర్వాత. కనుపాప కదిలిన ఆరు ఫ్రేములకి తల మొదలై, ఇరవై ఫ్రేముల్లో తిరిగి, చివర వేగం కొంచెం తగ్గి ఆగాలి. రెండూ ఒకేసారి కదిలితే బొమ్మలకొలువులో తలాడించే బొమ్మలా ఉంటుంది. కనురెప్ప ఆర్పడానికి ఎనిమిది ఫ్రేములు చాలు.

నోటికి సాధారణంగా మూడు బొమ్మలు పెడతారు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. తెలుగుకి నాలుగోది కావాలి, పెదవులు గుండ్రంగా ముందుకొచ్చినది. 'లేదు', 'రేపు' లాంటి మాటలు ఉకారంతో ముగుస్తాయి, అక్కడ నోరు టక్కున మూస్తే డబ్బింగ్ సినిమా చూసినట్టుంటుంది. ప, బ, మ దగ్గర మాత్రం పెదవులు తప్పకుండా కలవాలి. జపాన్‌లో ఎక్కువగా బొమ్మలు చూస్తూ తర్వాత గొంతు పెడతారు. సొంతంగా చేసుకునేవాళ్ళు గొంతు ముందే రికార్డు చేసి దానికి నోరు గీయడం తేలిక.

సిగ్గు రంగు దగ్గర దాదాపు అందరూ తప్పు చేస్తారు. తెల్లటి ముఖాలకి వాడే గులాబీ రంగు చామనచాయ మీద వేస్తే బూడిద మరకలా తేలుతుంది. చర్మం రంగునే తీసుకుని ఇటుక ఎరుపు వైపు జరిపి, మల్టిప్లై లేయర్‌లో (కింది రంగుతో కలిసి ముదురయ్యే పొరలో) 15 నుంచి 20 శాతం గాఢతతో వేయండి. బుగ్గల కంటే చెవి తమ్మె మీద బాగుంటుంది. సీను మొత్తంలో ఒక్కసారే.

వెలుగు సంగతి. జనవరి రెండో వారంలో విజయవాడలో 5:50 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఆ తర్వాత దీపాల్లేకుండా మనుషులు కనిపించే వెలుగు 23 నిమిషాలు ఉంటుంది, టోక్యోలో ఆ రోజుల్లో 28. మూడు నిమిషాల సీనులో ఆకాశం నారింజ నుంచి నలుపుకి మారిపోకూడదు. ఒకే రంగు పట్టిక పెట్టుకుని, సగంలో వీధి దీపం వెలిగించండి, చాలు. ఇంకో మాట: చెర్రీ పూలు తేకండి. అక్కడ బడి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, పూలూ అప్పుడే వస్తాయి, అందుకని అవి వీడ్కోలుకీ కొత్త పరిచయానికీ గుర్తయ్యాయి. మన తురాయి చెట్లు నిండుగా పూసేది ఎండాకాలం సెలవుల్లో. ఇద్దరూ ఒకరికొకరు కనిపించని రోజులవి. కథ ముందుకు సాగితే ఆ ఎర్ర పూలని ఎడబాటుకి వాడుకోండి.

ధ్వనికి నిజమైన సైకిలు కావాలి. తొక్కకుండా ముందుకు నడిపిస్తే వెనక చక్రం దగ్గర ఫ్రీవీల్ టిక్ టిక్‌మంటుంది. నిశ్శబ్దంగా ఉన్న సందులో ఫోన్‌తో మూడు నిమిషాలు ఏకబిగిన రికార్డు చేయండి. పది సెకన్ల ముక్కని మళ్ళీ మళ్ళీ అతికిస్తే చెవి పట్టేస్తుంది. వీధి చప్పుడు మాటల కంటే బాగా తక్కువలో ఉంచండి. సంగీతం మొదటి రెండు నిమిషాలూ వద్దు. వంతెన మీద ఇద్దరూ ఆగగానే టిక్ టిక్ కూడా ఆగుతుంది. వాళ్ళ కంటే ముందు ఆ ఆగడం వినిపించాలి, అందుకని శబ్దాన్ని చక్రం బొమ్మ కంటే రెండు ఫ్రేములు ముందుగా కోయండి.

ముగింపు మూడు కట్లలో అబ్బాయి జవాబు పెట్టకండి. 'వస్తావా' తర్వాత నల్లటి నీళ్ళలో వీధి దీపం నీడ ఒక కట్. తర్వాత టిక్ టిక్ మళ్ళీ మొదలవుతుంది. ఆఖరి కట్‌లో పాదాలు మాత్రమే: ఈసారి ఇద్దరికీ అడుగు 14 ఫ్రేములు, ఒకే నిడివి. ఎనిమిది అడుగులు నడిపించి, తొమ్మిదో అడుగు నేలని తాకకముందే కోసేయండి.