బఠాణీ లైన్లలో జన్యు వైవిధ్యం ఎంతుందో లెక్కకట్టడం ఎలా

బఠాణీలో బ్రీడింగ్ మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్న లైన్ల (తరతరాలుగా విడిగా పెంచుతూ వచ్చిన విత్తన వంశాల) మధ్య అసలు తేడా ఎంత, అందులో జన్యువుల వల్ల వచ్చిందెంత, నేల నీరు వల్ల వచ్చిందెంత అనేది తేల్చుకోవాలండీ. తేడా లేని చోట ఎంత సెలెక్షన్ చేసినా లాభం లేదు. ఇది స్వపరాగ సంపర్కం జరిగే పంట, పువ్వు విచ్చుకోకముందే పుప్పొడి రాలిపోతుంది, అందుకే స్థిరపడిన లైన్‌లో మొక్కలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, మనం చూడాల్సింది లైన్‌కీ లైన్‌కీ మధ్య తేడానే.

లైన్లన్నీ ఆర్‌బీడీలో (పొలాన్ని బ్లాకులుగా విడదీసి, ప్రతి బ్లాకులో అన్ని లైన్లనీ లాటరీ వరసలో వేసే పద్ధతి) 3 రెప్లికేషన్లుగా, అంటే మూడు బ్లాకుల్లో వేసి, పక్కన పోల్చుకోడానికి ఒక చెక్ రకం కూడా పెట్టుకోండి. ప్లాట్‌కి 5 మొక్కలు చూసి ఎత్తు, మొక్కకి కాయలు, కాయకి గింజలు, మొక్కకి దిగుబడి రాసుకోవాలి, చివరి మొక్కలు మాత్రం వద్దు, వాటికి ఎండా చోటూ ఎక్కువ దొరుకుతాయి. సగం మొక్కలు పూతకొచ్చిన రోజు, 100 గింజల బరువు ప్లాట్ మొత్తానికి తీసుకుంటే చాలు.

ఇక లెక్క. కాయల సంఖ్యకి అనోవా (మొత్తం తేడాని లైన్ల వల్ల వచ్చింది, మిగతాది అని విడదీసే లెక్క) చేశాం, అందులో లైన్ల మధ్య తేడాని చూపే మీన్ స్క్వేర్ 62, లైన్లతో సంబంధం లేని తేడా, అంటే ఎర్రర్ మీన్ స్క్వేర్ 8, కాయల సగటు 20 అనుకుందాం. 62 లోంచి 8 తీసేసి 3 తో భాగిస్తే 18, అదే జీనోటైపిక్ వేరియన్స్ (జన్యువుల వల్ల వచ్చిన తేడా), దానికి ఎర్రర్ 8 కలిపితే ఫీనోటైపిక్ వేరియన్స్ (కంటికి కనిపించే మొత్తం తేడా) 26. వీటి వర్గమూలాల్ని సగటుతో భాగించి 100 తో గుణిస్తే జన్యువుల తేడా సగటులో ఎంత శాతమో చెప్పే జీసీవీ 21.2, మొత్తం తేడాకి అదే లెక్క అయిన పీసీవీ 25.5 శాతం. 18 ని 26 తో భాగిస్తే హెరిటబిలిటీ (మొత్తం తేడాలో జన్యువుల వాటా) 69 శాతం. పై 5 శాతం లైన్లని ఎంచుకుంటే జెనెటిక్ అడ్వాన్స్ (తర్వాతి తరంలో సగటు ఎంత పెరుగుతుందన్న అంచనా) 2.06 × 0.692 × 5.1 (2.06 పై 5 శాతం ఎంపికకి వాడే స్థిరాంకం, 0.692 హెరిటబిలిటీ, 5.1 అంటే 26 వర్గమూలం), అంటే దగ్గర దగ్గర 7.3 కాయలు, సగటులో 36 శాతం.

మామూలుగా జీసీవీ 20 దాటితే ఎక్కువ అంటారు, హెరిటబిలిటీకి 60, అడ్వాన్స్ శాతానికి 20 హద్దులు. కానీ హెరిటబిలిటీ ఒక్కటే చూసి సంబరపడొద్దు, అది ఎక్కువున్నా అడ్వాన్స్ తక్కువైతే సెలెక్షన్‌తో పెద్దగా కదలదు. పైగా ఒకే చోట ఒకే సీజన్‌లో తీసిన లెక్కలో వాతావరణానికి లైన్లు స్పందించే తేడా కూడా జీనోటైపిక్‌లోనే కలిసిపోయి అంకె ఉబ్బుతుంది, కుదిరితే రెండో చోట కూడా వేయండి.

బఠాణీలో ఇంకో చిక్కుంది, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. మెండెల్ చూసిన పొడుగు పొట్టి తేడా ఒక్క జన్యువుది. పొడుగువీ పొట్టివీ కలిపి ఒకే ట్రయల్ వేస్తే ఎత్తు జీసీవీ అమాంతం పెరిగిపోతుంది, అది చూసి వైవిధ్యం బ్రహ్మాండంగా ఉందనుకుంటే పొరపాటే, ఆ అంకెలో ఎక్కువ భాగం ఆ ఒక్క జన్యువే కావచ్చు. పైగా పొడుగు తీగలు పక్క పొట్టి వాటిమీద పడి వాటి దిగుబడిని తొక్కేస్తాయి. ఆకుల బదులు నులితీగలే ఉండే రకాలు కూడా అంతే, అవి పక్కవాటితో పెనవేసుకుని నిలబడతాయి. అందుకే గుంపులుగా విడదీసి వేయండి, లెక్క కూడా ఏ గుంపుకి ఆ గుంపే చేయండి.

తర్వాత కాయల సంఖ్యలో మంచిదీ గింజ బరువులో మంచిదీ ఎంచుకుని క్రాస్ చేయాలి. రేకులు కాస్త బయటికి కనబడుతున్న మొగ్గ తీసుకుని, అడుగున ఉండే ద్రోణి రేకుని ఫోర్సెప్స్‌తో చీల్చి 10 కేసరాలూ తీసేయండి. అప్పటికే లోపల పసుపు పొడి కనిపిస్తే ఆ మొగ్గ వదిలేసి ఇంకా చిన్నది చూసుకోండి.