పిండాలు ఫ్రీజ్ చేయించే ముందు

ఐవీఎఫ్‌లో మిగిలిన పిండాలను దాచడానికి సంతకాలు పెట్టాల్సిన కాగితాలు ఓ కట్ట ఉంటాయి. మా చెల్లెలు అండాలు తీసిన రోజు, మత్తు పూర్తిగా వదలకముందే, చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది. మీరలా చేయకండి. ముందే అడిగి ఇంటికి తెచ్చుకుని ఇద్దరూ కూర్చుని చదవండి.

– క్లినిక్‌కు 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందా? సర్టిఫికెట్ ఫొటో తీసుకోండి.

– చికిత్సకు భార్య వయసు 21 దాటి 50 లోపు, భర్త వయసు 21 దాటి 55 లోపు ఉండాలి. ఫ్రీజ్ చేశాం కదా అని ఏళ్లు గడిపేయకండి.

– దాచే గడువు పదేళ్లే. తర్వాత వాటిని నశించిపోనివ్వాలి, లేదా మీ సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి.

– విడిపోతే, ఒకరు చనిపోతే పిండాలను ఏం చేయాలి? నోటితో అనడానికే మనసు రాదు, నాకు తెలుసు. అయినా మాట్లాడుకుని రాతలో పెట్టండి. గర్భాశయంలోకి పంపేలోపు ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు.

– పిండాలను విదేశాలకు తీసుకెళ్లాలంటే ఏఆర్‌టీ చట్టం కింద ఉన్న జాతీయ బోర్డు అనుమతి తప్పనిసరి. అమెరికాలో ఉన్న మనవాళ్లు తమ రాష్ట్ర చట్టం కూడా చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు ఫ్రీజ్ చేసిన పిండాలను కూడా పిల్లలుగానే లెక్కించాలని తీర్పు ఇవ్వగానే అక్కడ కొన్ని క్లినిక్‌లు ఐవీఎఫ్ ఆపేశాయి. చికిత్స మధ్యలో ఉన్న ఆడవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో! మార్చిలో క్లినిక్‌లకు రక్షణగా చట్టం చేశాకే కొన్ని మళ్లీ మొదలుపెట్టాయి.

– స్టోరేజీ ఫీజు రసీదులు దాచండి. ఫోన్ నంబరు మారితే క్లినిక్‌కు రాసి ఇవ్వండి.