ఏడాది లెక్క రాసుకుందామా? ముందు గోడ మీది క్యాలెండర్ దించండి

డిసెంబర్ చివరి వారం వచ్చిందంటే చాలు, టీవీ పెడితే ‘ఈ ఏడాది టాప్ టెన్’, ఫోన్ తెరిస్తే అవే ఫొటోలు, వెనక ఏదో ఏడుపు మ్యూజిక్. చూస్తాం, అరె ఇది కూడా ఈ సంవత్సరమే జరిగిందా అనుకుంటాం, మర్చిపోతాం. నేను మూడేళ్లుగా ఇంకోలా చేస్తున్నా. మా ఇంట్లో జరిగింది, బయట లోకంలో జరిగింది ఒకే పుస్తకంలో పక్కపక్కన రాసుకోవడం. మొదటి ఏడాది పేపర్లో వచ్చిందంతా ఎక్కించి చెడగొట్టా. రెండో ఏడాది సగంలో వదిలేశా. 2025ది మాత్రం కుదిరింది. ఎట్లా కుదిరిందో చెప్తా, ఓ ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే మీకూ అయిపోతుంది.

పిల్లలు సగం రాసి వదిలేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పెన్ను, ఫోన్, గోడ మీది క్యాలెండర్ ఉంటే చాలు. డైరీ రాసే అలవాటు ఉన్నవాళ్లకి ఈ వ్యాసం అక్కర్లేదు, మిగతా మనందరికీ క్యాలెండరే డైరీ. పాల లెక్క, గ్యాస్ మార్చిన తేదీ, చీటీ కట్టాల్సిన రోజు, ఎవరిదో పెళ్లి, అన్నీ ఆ గడుల్లోనే ఉంటాయి. కొంతమంది ఉగాది నుంచి ఉగాదికి రాస్తారు, 2025లో మార్చి 30న విశ్వావసు మొదలైంది కాబట్టి డిసెంబర్‌కి వాళ్లకింకా టైముంటుంది. నాకైతే జనవరి లెక్కే సులువు, ఎందుకంటే జీతం, ఫీజులు, ఈఎంఐలు అన్నీ దాని మీదే నడుస్తాయి.

పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ పక్క మనది, కుడి పక్క లోకానిది. ముందు ఎడమ పక్కే నింపాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కుడి పక్క ముందు రాశారంటే అది పోటీ పరీక్షల కరెంట్ అఫైర్స్ పుస్తకం అయిపోతుంది, నా మొదటి ఏడాది అట్లే అయింది.

క్యాలెండర్లో నెల నెలా తిరగేస్తూ ప్రతి గుర్తు దగ్గరా ఆగండి. చిన్న ఉదాహరణ. మా అక్టోబర్ పేజీలో 24వ తేదీ గడిలో మా ఆవిడ రాత, ‘పాలు లేవు’ అని. ఆ నెలంతా పాలు వచ్చాయి, ఆ ఒక్కరోజే రాలేదు. ఎందుకు రాలేదబ్బా అని చాలాసేపు చూశా. తర్వాత వెలిగింది. ఆ తెల్లవారుజామునే చిన్నటేకూరు దగ్గర హైవే మీద బస్సు కాలిపోయింది, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు, 20 మంది దాకా చనిపోయారు. మా పాలాయన ఆ దారినే బండి మీద కర్నూలు వస్తాడు. ఆ రోజు రాలేదు, మర్నాడు వచ్చి క్యాన్ దించి గడప మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు, ఇంకేం మాట్లాడలేదు. అదంతా ఆ రెండు మాటల వెనకుంది. నేను నోట్‌బుక్‌లో ఎడమ పక్క ‘పాలు లేవు’ అనే రాశా, కుడి పక్క బస్సు సంగతి రాశా.

క్యాలెండర్ తర్వాత ఫోన్‌పే. నవ్వకండి, హిస్టరీలోకి పోయి నెలల వారీగా చూసుకుంటూ రండి, మీ సంవత్సరం మొత్తం అక్కడ బయటపడుతుంది. ఒకే మెడికల్ షాపుకి వారంలో నాలుగుసార్లు డబ్బులు పోయాయంటే ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు. మార్చి 19న ఒక క్యాంటీన్‌కి మూడుసార్లు, పదిహేను, ముప్పై, పదిహేను రూపాయలు. అది అమ్మ కంటి శుక్లాల ఆపరేషన్ రోజు. వెయిటింగ్ హాల్లో టీవీలో సునీతా విలియమ్స్ భూమికి దిగడం తిప్పి తిప్పి చూపిస్తున్నారు, వారం పని మీద పోయిన మనిషి తొమ్మిది నెలలు పైనే ఉండిపోయి వచ్చింది. అమ్మ ఒక కంటికి కట్టుతో కూర్చుని, వాళ్లమ్మ ఎంత ఎదురు చూసిందో పాపం అంటా ఉంది. మర్నాడు కట్టు విప్పాక నన్ను చూసి మొదట అన్న మాట, ‘ఇంతగనం నెరిసిపోయినావేంరా!’ ఈ మాట లేకుండా ‘అమ్మ ఆపరేషన్ సక్సెస్’ అని రాసి ఏం లాభం?

ఫొటోల గ్యాలరీ చివర్లో చూడండి. ఫొటోల్లో అంతా నవ్వుతూనే ఉంటాం, దాన్ని నమ్ముకుంటే ఏడాదంతా పెళ్లిళ్లు, పుట్టినరోజులే అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్లను అడగాలి. ‘ఈ సంవత్సరం ఏం జరిగింది?’ అని అడిగితే ఎవరూ చెప్పరు, ‘ఏముంది, మామూలే’ అంటారు. ‘ఆ రోజు నువ్వు యాడున్నావ్?’ అని అడగండి. నవంబర్ 2, ఆడవాళ్ల వరల్డ్ కప్ ఫైనల్ రోజు అని మా పాపను అడిగితే టకీమని చెప్పింది, ‘ఆ రోజు పప్పు మాడ్చినావు కదా నాన్నా.’ నిజమే. వానతో మ్యాచ్ లేటుగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది, మా ఆవిడ ఊళ్లో లేదు, వంట నాది. మనవాళ్లు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆ వారం నుంచి పాప బ్యాట్ వద్దని బంతి కొనిమ్మంటోంది, ఎడమ చేత్తో వేస్తానంటుంది, రాసేదేమో కుడి చేత్తో.

కుడి పక్క ఏం రాయాలి, ఏం వదిలేయాలి అన్నదానికి నా లెక్క ఒకటే. ఆ వార్త విన్నప్పుడు మీరు ఎవరికైనా ఫోన్ చేశారా, ఖర్చు ఏమైనా మారిందా, అన్నం తింటూ ఆగారా? వీటిలో ఒక్కటీ లేకపోతే ఎంత పెద్ద వార్తయినా వదిలేయండి, దాన్ని రాసుకునేవాళ్లు వేరే ఉన్నారు. మే 7 తెల్లారి ఆపరేషన్ సిందూర్ వార్త రాగానే మా వీధిలో సగం మంది సైన్యంలో ఉన్న బంధువులకు ఫోన్లు కలుపుతున్నారు. అది రాశా. కొత్త పోప్ ఎన్నిక వదిలేశా, పక్కింటివాళ్లయితే అదే మొదట రాసుకుంటారు, వాళ్లింట్లో ఆ రాత్రంతా అదే మాట.

డబ్బు సంగతులు దాచకండి. సెప్టెంబర్ పేజీ మాది చూడండి. ఉల్లి ధర క్వింటాల్ వందల్లోకి పడిపోయింది, నాయన కర్నూలు యార్డుకి లోడు తెచ్చి ‘బాడుగ గూడా గిట్టల్యా’ అని మా ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. అదే నెల 22 నుంచి జీఎస్టీ తగ్గింది, 350 సీసీ లోపు బండ్ల మీద 28 శాతం కాస్తా 18 అయింది, దానికోసమే ఆగిన మా తమ్ముడు దసరా నవరాత్రుల్లోనే బండి తెచ్చి నిమ్మకాయలు తొక్కించాడు. ఒకే ఇల్లు, ఒకే నెల. మంచిదొక పేజీ చెడ్డదొక పేజీ అని విడగొట్టకుండా రెండూ కిందా మీదా రాయండి, అప్పుడే ఆ నెల ఎట్లా గడిచిందో తెలుస్తుంది.

తేదీలు మాత్రం సరిచూసుకోవాలి, మన జ్ఞాపకం పచ్చి అబద్ధాలకోరు. ఆర్సీబీ కప్పు గెలిచిన రాత్రే బెంగళూరులో తొక్కిసలాట అయిందని నేను గట్టిగా వాదించా. కాదు. గెలిచింది జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో, 11 మంది చనిపోయింది మర్నాడు సాయంత్రం బెంగళూరు స్టేడియం బయట. చిన్నాయన కొడుకు అక్కడే పని చేస్తాడు, గంటన్నర ఫోన్ తగల్లేదు, కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ చూస్తే 4వ తేదీ అని ఉంది. వాట్సాప్ ఫార్వర్డ్‌లో తేదీ చూసి రాయొద్దు. ఈ-పేపర్‌లో ఆ రోజుకి పోయి చూడండి, లేదా పాత పేపర్లు తూకానికి వేయకముందే ఈ పని పెట్టుకోండి.

జరగనివి కూడా ఒక నాలుగు లైన్లు రాయండి. లోన్ తీరలేదు, మోకాలి నొప్పి చూపించుకోలేదు, శ్రీశైలం పోదాం పోదాం అని పోలేదు. ఇవి ఎక్కువ లాగొద్దు, ఏడుపొస్తుంది.

ఇంకొక్క మాట, క్యాలెండర్ పేజీలు ముందే ఫొటో తీసి పెట్టుకోండి. మా ఇంట్లో మార్చి పేజీ దొరకలేదు, అందుకే అమ్మ ఆపరేషన్ తేదీ కోసం ఫోన్‌పే వెతకాల్సొచ్చింది. వారం తర్వాత దొరికింది, పాప లెక్కల పుస్తకానికి అట్టగా. 19వ తేదీ గడి మడత లోపలికి పోయింది. విప్పుతానంటే పాప ఒప్పుకోలేదు, పరీక్షలయ్యాకేనంట.