బెంగళూరులో బేస్ గిటార్‌తో గిగ్స్ చేయడం ఎలా?

బెంగళూరులో తెలుగు పాటలు వాయించే బ్యాండ్లకు ఏడాది పొడవునా ఏదో ఒక గిగ్, అంటే డబ్బిచ్చి పిలిచే షో, ఉంటుంది. మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉగాది, వినాయక చవితి కార్యక్రమాలు, పెళ్లిళ్లలో సంగీత్‌లు, కంపెనీల యాన్యువల్ డేలు, కోరమంగళ, ఇందిరానగర్ పబ్బుల్లో వారాంతపు షోలు. పాడేవాళ్లకు, గిటార్ వాయించేవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. వెతుకులాటంతా బేస్, అంటే పాటకు కింది స్వరాలు ఇచ్చే గిటార్, వాయించేవాళ్ల కోసమే. అందుకే కాస్త చేయి తిరిగితే మొదటి పిలుపు తొందరగానే వస్తుంది. అదే బ్యాండ్ మళ్లీ ఫోన్ చేయాలంటే మాత్రం పని తెలియాలి. వేళ్ల వేగం చూసి రెండోసారి పిలిచేవాళ్లు తక్కువ. మీరు పక్కన ఉంటే పాడేవాళ్లకూ డ్రమ్మర్‌కూ టెన్షన్ తగ్గిందా లేదా అన్నదే చూస్తారు. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో పిలుపు గురించే.

1. వాయిద్యం ఎంచుకోవడం

మొదటి బేస్‌కు నాలుగు తీగలు చాలు. లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఇ, ఎ, డి, జి. అన్నిటికన్నా కింది ఇ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ నమూనాలో, ఒకే పికప్‌తో (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) తయారైన బేస్‌లు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. గిగ్స్‌కు అలాంటిది భేషుగ్గా సరిపోతుంది. వాడినది కొంటే మెడ వంగిందా, ప్రతి ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర స్వరం స్పష్టంగా వస్తోందా, జాక్ కదిపితే గరగరమంటోందా అని చూసుకోండి. కొన్నాక మంచి రిపేరర్ దగ్గర ఒకసారి సెటప్ చేయించండి. తీగల ఎత్తు సరిగ్గా లేకపోతే మూడు గంటల గిగ్‌లో ఎడమ చేయి పట్టేస్తుంది.

ఐదు తీగల బేస్ ఎప్పుడు కొనాలి? మీ బ్యాండ్‌లో ఎక్కువ పాటలు సి, డి, డి షార్ప్ స్కేళ్లలో ఉంటే అప్పుడు ఆలోచించండి. నాలుగు తీగల మీద ఆ స్వరాలను ఒక స్థాయి పైన వాయించాల్సి వస్తుంది. అదేమీ తప్పు కాదు, పబ్బుల్లో ఉండే చిన్న స్పీకర్లకు చాలాసార్లు అదే మేలు కూడా. ఐదో తీగతో అసలు లాభం ఏమిటంటే, చేయి అటూ ఇటూ గెంతకుండా ఒకే చోట పాట నడుస్తుంది.

యాక్టివ్ బేస్ అయితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. ఇంటికి రాగానే కేబుల్ తీసేయండి, బ్యాగులో ఇంకో బ్యాటరీ పెట్టుకోండి.

2. పాట నేర్చుకోవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

మన పాటగాళ్లు స్కేల్‌ను శ్రుతి అంకెల్లో చెబుతారు. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. మూడున్నర ఉండదు, ఎందుకంటే కీబోర్డు మీద ఇ, ఎఫ్ మధ్య నల్ల మెట్టు లేదు. ఈ పట్టిక నోటికి వచ్చేదాకా చదవండి. స్టేజీ మీద గాయని వెనక్కి తిరిగి “అన్నా, గొంతు బాలేదు, రెండున్నరకి దించుదామా?” అంటే, మీరు తలూపేలోపు వేలు డి షార్ప్ మీద ఉండాలి.

దీనికి ఒకటే దారి: పాటను స్వరాల పేర్లతో కాకుండా అంకెలతో నేర్చుకోవాలి. ఒక పాట ఒకటి శ్రుతిలో సి, ఎ మైనర్, ఎఫ్, జి అని నడుస్తోందనుకోండి. దాన్ని 1, 6, 4, 5 అని రాసుకోండి. ఇవి శ్రుతి అంకెలు కావు, స్కేల్‌లో అది ఎన్నో స్వరమో చెప్పే అంకెలు. శ్రుతి రెండున్నరకు మారితే అదే వరుస డి షార్ప్, సి మైనర్, జి షార్ప్, ఎ షార్ప్ అవుతుంది. మీరు అక్షరాలు తిరగరాయక్కర్లేదు. తెరిచిన తీగలు (వేలు అదమకుండా మోగించేవి) వాడకుండా సాధన చేసి ఉంటే, చేతి ఆకారం అలాగే ఉంచి మొత్తంగా మూడు ఫ్రెట్లు జరపడమే.

ఇక్కడ బేస్ వాయించేవాళ్లకు మాత్రమే వచ్చే ఒక చిక్కు ఉంది. గిటారిస్టు మూడో ఫ్రెట్‌కు కాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమే క్లిప్పు) బిగించి సి ఆకారం పట్టుకుంటాడు, నోటితో కూడా “సి” అనే అంటాడు, మోగేది డి షార్ప్. కీబోర్డు వాయించేవారు స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, తమకు అలవాటైన మెట్ల మీదే వాయిస్తారు. వాళ్ల చేతులు చూసి వాయిస్తే పాట మొదట్లోనే దెబ్బ తింటాం. “కాపోతో కాదు, అసలు స్కేల్ చెప్పు” అని ప్రతి పాటకు ముందు అడగడం అలవాటు చేసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు. డ్యూయెట్లలోనూ జాగ్రత్త. కొన్ని బ్యాండ్లు చరణానికి స్కేల్ మారుస్తాయి. అది మీ కాగితం మీద ఉండాలి.

ఇళయరాజా పాటలు సెట్‌లో ఉంటే వాటికి వేరే సమయం కేటాయించండి. ఆయన పాటల్లో బేస్ తనే ఒక రాగంలా, గాత్రం పక్కన ఇంకో పాట పాడుతున్నట్టు సాగుతుంది. అక్కడ రూట్ స్వరాలు (ప్రతి కార్డ్‌కు మూల స్వరం) మాత్రమే వాయిస్తే, వినేవాళ్లకు ఏం తగ్గిందో చెప్పడం రాకపోయినా ఏదో వెలితి తెలుస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాట వేగం తగ్గించి, రెండేసి బార్ల చొప్పున స్వరం స్వరం పట్టుకోండి. రెహమాన్ పాటలకు చెన్నైకి చెందిన కీత్ పీటర్స్ వాయించిన బేస్ కూడా అలాగే వినాలి. ఎక్కడ వాయించారో ఎంత శ్రద్ధగా వింటారో, ఎక్కడ ఆపారో కూడా అంతే శ్రద్ధగా వినండి. కొత్త పాటల్లో బేస్ చాలావరకు సింథ్ మీద చేసిందే. స్వరాలు తక్కువ, కానీ ఒక్కో స్వరం ఎంతసేపు నిలవాలి, ఎక్కడ టక్కున ఆగాలి అన్నది కచ్చితంగా ఉంటుంది. దాన్ని కుడి అరచేతితో తీగల్ని అదిమి సాధించవచ్చు.

3. డ్రమ్మర్‌తో కుదరడం

డ్రమ్మర్ కుడికాలు ఎప్పుడు పడుతుందో అప్పుడే మీ స్వరం పడాలి. మొదటి రిహార్సల్‌లోనే డ్రమ్స్ పక్కన, కిక్ పెడల్ కనిపించే చోట నిలబడండి. మిగతావాళ్లు రాకముందు మీరిద్దరే రెండు పాటలు వాయించి చూసుకుంటే ఇంకా మంచిది. మెట్రోనోమ్‌తో (లయ కోసం క్లిక్ కొట్టే పరికరం) ఇంట్లో సాధన చేసేటప్పుడు క్లిక్‌ను రెండో, నాలుగో దెబ్బల మీద ఊహించుకుని వాయించండి. మొదట కష్టంగా ఉంటుంది, తర్వాత లయ మీలోపలే స్థిరపడుతుంది.

తెలుగు గిగ్‌లో ఆరు మాత్రల పాటలు తప్పవు. జానపదం, తీన్‌మార్ తరహా దెబ్బలు, మాస్ పాటలు అందులోనే ఎక్కువ. జనం లేచి ఆడేది వాటికే. ఆరు మాత్రల్లో 1, 4 మీద గట్టిగా నిలబడి, మిగతావి డప్పుకు వదిలేయండి. అన్నీ మీరే నింపితే ఆ ఊపు పోతుంది.

రిహార్సల్ చేసుకునే జామ్ రూమ్ గంటల లెక్కన అద్దెకు ఇస్తారు కాబట్టి పాట నేర్చుకునే చోటు అది కాదు. ఇంట్లో నేర్చుకుని వెళ్లండి. అక్కడ మొదళ్లు, ముగింపులు, ఒక పాట నుంచి ఇంకో పాటకు దాటడం చూసుకోండి. జనం ముందు పాట తడబడేది సాధారణంగా ఆ చోట్లలోనే.

4. ఒప్పుకునే ముందు అడగాల్సినవి

పిలుపు రాగానే సంతోషంలో “వచ్చేస్తా బ్రో” అనేయకండి. ఎన్ని సెట్లు, ఎన్ని గంటలు, సౌండ్ ఎవరిది, బేస్ యాంప్ అక్కడ ఉందా, డబ్బు తలకింత లెక్కా లేక సమానంగా పంచుకోవడమా, అడ్వాన్స్ ఉందా, రానుపోను ఖర్చు ఎవరిది, భోజనం పెడతారా. ఇవన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంటే తర్వాత మాటలు పెరగవు. స్నేహితుల బ్యాండ్ అయితే మరీ ముఖ్యం. స్నేహాలు చెడేది ఎక్కువగా ఈ చిన్న లెక్కల దగ్గరే.

ఇంకో ప్రశ్న చాలామంది మరిచిపోతారు: ట్రాక్స్ మీద, అంటే ముందే రికార్డు చేసిన సంగీతంతో కలిపి, వాయిస్తున్నారా? ట్రాక్‌లో ముందే బేస్ ఉంటే మీరూ అదీ కలిసి బురదలా వినిపిస్తుంది. బేస్ తీసేసిన ట్రాక్ అడగండి. కీబోర్డు వాయించేవారు బేస్ లేని గిగ్స్‌కు అలవాటుపడి ఎడమ చేత్తో కింది స్వరాలు వాయిస్తుంటే, రిహార్సల్‌లోనే మర్యాదగా మాట్లాడుకోండి. “అన్నా, ఈ పాటకు ఎడమ చెయ్యి కాస్త పైకి జరుపుతారా, కింద నేను చూసుకుంటా” అంటే సరిపోతుంది.

బయటి వేదికలకు వేళ కూడా చూసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అపార్ట్‌మెంట్ కార్యక్రమంలో ఉపన్యాసాలు, బహుమతులు, పిల్లల డ్యాన్సులు అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటితే, మీకు మిగిలేది గంటన్నర. మంచి పాటలన్నీ చివర దాచుకోవద్దని బ్యాండ్‌కు ముందే చెప్పండి.

5. గిగ్ రోజు

శుక్రవారం సాయంత్రం వైట్‌ఫీల్డ్ నుంచి కోరమంగళకు కారులో వెళ్లే దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. సౌండ్‌చెక్ ఐదింటికంటే ఆఫీసు నుంచి మధ్యాహ్నమే బయటపడాలి. ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే గిగ్ ఒప్పుకోకపోవడమే అందరికీ మంచిది.

బ్యాగులో రెండు కేబుళ్లు, ఒక సెట్ తీగలు, ట్యూనర్, బ్యాటరీలు, పాటల కాగితం, చిన్న టార్చ్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, సొంత డీఐ బాక్స్ ఉండాలి. కేబుళ్లకు కావాల్సిన మంచి కనెక్టర్లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. టంకం వేయడం నేర్చుకుంటే తెగిన కేబుల్‌ను మీరే బాగుచేసుకోవచ్చు. డీఐ బాక్స్ మీ బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేలా మార్చి పొడవాటి కేబుల్‌లో శబ్దం చెడకుండా పంపుతుంది. యాక్టివ్ రకం డీఐకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, లేదా బ్యాటరీ కావాలి. పాసివ్ రకానికి ఏదీ అక్కర్లేదు.

“గుయ్” మని హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడండి. కొందరు ప్లగ్గు మూడో పిన్ను తీసేసి హమ్ ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరైనా చేస్తుంటే ఆపండి. ఎర్త్ లేని యాంప్‌లో లోపం వస్తే కరెంటు మీ తీగల దాకా రావచ్చు. ఆ చేతులతో మైక్ స్టాండ్ ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు. వానలో తడిసిన స్టేజీ మీద అయితే ఎర్తింగ్ చూశాకే కేబుల్ గుచ్చండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

సౌండ్‌చెక్‌లో సాధారణంగా డ్రమ్స్ అయ్యాక బేస్ అడుగుతారు. షోలో ఎంత బలంగా వాయిస్తారో అంతే బలంగా, కింది తీగ నుంచి పైకి నిదానంగా ఒక్కో స్వరం వాయించండి. ఏదో ఒక స్వరం గదంతా బొంగురుగా మోగుతుంది. తెరిచిన ఇ స్వరం తరంగం పొడవు 8 మీటర్లకు పైనే ఉంటుంది. పబ్ గదుల కొలతలు కూడా దాదాపు ఆ లెక్కలోనే ఉంటాయి కాబట్టి గోడల మధ్య కొన్ని స్వరాలు ఒకచోట పెరుగుతాయి, ఇంకోచోట మాయమవుతాయి. యాంప్ మూలన ఉంటే బయటికి జరపండి, కుర్చీ మీద పెట్టి చెవి వైపు తిప్పుకోండి. అప్పుడు తక్కువ సౌండ్‌తోనే మీకు వినిపిస్తుంది. ఆ ఒక్క స్వరం సంగతి సౌండ్ ఇంజినీర్‌కు చెప్పండి. ఆయన పేరు ముందే తెలుసుకోండి, వచ్చినంతలో కన్నడంలో మాట్లాడండి. “అణ్ణా, మానిటర్‌అల్లి కిక్ స్వల్ప జాస్తి మాడి” (అన్నా, స్టేజీ మీద మాకు వినిపించే స్పీకర్‌లో కిక్ కాస్త పెంచండి) అన్న ఒక్క వాక్యంతో చాలా పని జరుగుతుంది.

6. స్టేజీ మీద

తప్పు స్వరం పడితే ఆగకండి, మొహం మార్చకండి. సరైన స్వరం చాలాసార్లు ఒక ఫ్రెట్ అవతలే ఉంటుంది, అక్కడికి జారండి. లయ నిలబడితే వినేవాళ్లు గమనించరు. పాటలో ఎక్కడున్నారో తప్పిపోతే రూట్ మీదే ఉండి గాయకుడి నోటి వైపు చూడండి, పల్లవి రాగానే దారి దొరుకుతుంది. గాయకుడు చరణం ముందే ఎత్తుకుంటే డ్రమ్మర్‌తో కళ్లు కలిపి ఇద్దరూ ఒకేసారి మారండి. మీరిద్దరూ కలిసి వెళ్తే మిగతావాళ్లు వెనకే వచ్చేస్తారు.

చెవులు కాపాడుకోండి. 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు 8 గంటలు వినవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర అది 15 నిమిషాలే. సింబల్స్ పక్కన నిలబడే మీకు సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ కచ్చితంగా కావాలి.

7. గిగ్ అయ్యాక

తీగలు తుడవండి, కేబుళ్లు చుట్టండి, డ్రమ్మర్ సామాన్లు మోయడానికి ఒక చేయి వేయండి. డబ్బు ఆ రాత్రి రాకపోతే ఎప్పుడిస్తారో తేదీ అడిగి మర్నాడు మెసేజ్ పెట్టండి. కంపెనీ షో అయితే టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పోను ఇస్తారు. అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి.

ఫోన్‌లో సెట్ మొత్తం రికార్డు చేసి ఉంచితే మరుసటి రోజు వినండి. కిక్‌తో కలవని చోట్లు, స్వరం ఎక్కువసేపు సాగిన చోట్లు పాటల కాగితం మీద గుర్తు పెట్టండి. ఏ గాయని ఏ పాటను ఏ శ్రుతిలో పాడిందో కూడా పక్కనే రాసుకోండి. తర్వాతి నెల అదే బ్యాండ్ ఫోన్ చేసి పాటలు పంపితే, స్కేళ్లు ముందుగా మీరే చెప్పగలుగుతారు.